క్యాసెట్టు మార్చేలోగా

కొత్త కెమెరాను బల్ల మీద పెట్టగానే నేను మొదట వెతికింది దాని నోరు. ఎటు తిప్పినా కనపడలేదు. ముందు అద్దం, వెనక చిన్న తెర, పక్కన నాలుగైదు మీటలు, అంతే. క్యాసెట్టు పెట్టే గూడు లేదు. ప్రొద్దుటూరులో మా చర్చి ఆరాధనలను పన్నెండేళ్లు వీడియో తీసినవాణ్ణి నేను. నోరు లేని కెమెరాను చూడడం అదే మొదలు.

"క్యాసెట్టు యాడ పెట్టాల అయ్యగారూ?" అని అడిగాను.

మా పాస్టరుగారు నవ్వారు. ఆయన పులివెందుల నుంచి మా సంఘానికి వచ్చి అప్పటికి ఏడాది కాలేదు. జేబులోంచి తపాలా బిళ్లంత నల్ల కార్డు తీసి నా అరచేతిలో పెట్టారు. "ఇది చాలు పెద్దాయనా. ఆరాధన మొత్తం ఇందులో పడుతుంది. మధ్యలో మార్చే పనే ఉండదు."

మధ్యలో మార్చే పని ఉండదు అన్న ఆ మాట దగ్గరే నాకు మొదటి అనుమానం తగిలింది. మార్చే పని నాది. నా పని పోతే ఆయనకెందుకంత సంతోషం?

"పాత క్యాసెట్లనేం చేస్తారు?"

"అన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేద్దాం. ఆ రెండు ట్రంకు పెట్టెలూ ఖాళీ అయిపోతాయి. గది శుభ్రమవుతుంది."

శుభ్రమవుతుందట. ఆ పెట్టెల్లో ఏముందో ఆయనకు తెలియదు. తెలిసే అంటున్నారేమోనని కూడా అనిపించింది. ఆ క్యాసెట్లలో నా భార్య గొంతు ఉంది. ఆమె పోయి అప్పటికి మూడేళ్లు. ఆమె పాట ఇంకెక్కడా లేదు. మా ఇంట్లో ఫోనులో లేదు, ఎవరి పెళ్లి వీడియోలోనూ లేదు. ఆమె చర్చిలో తప్ప పాడేది కాదు, చర్చిలోనూ ఒక్క పాటే పాడేది. అది ఆమె కట్టుకున్న పాట, ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ పాట ఎలా పుట్టిందో చెప్పాలి.

నేను బడిలో చదివింది అయిదో తరగతి దాకా. మిగతాదంతా రేడియోలు విప్పి నేర్చుకున్నాను. మెయిన్ బజారు వెనక సందులో నాకో రిపేరు కొట్టు ఉండేది. మాకు కెమెరా వచ్చినప్పుడు దానితోపాటు వచ్చిన ఇంగ్లీషు పుస్తకాన్ని డిక్షనరీ పక్కన పెట్టుకుని మూడు నెలలు చదివాను. అందులో రాసిన ప్రతి మాటా పాటించాను. గుండ్రటి మూతి, అరచేతిలో పట్టే చిన్న క్యాసెట్టు. ఒక క్యాసెట్టు గంటసేపు తిరుగుతుంది. మా ఆరాధన దాదాపు రెండు గంటలు. అంటే అయ్యగారి ప్రసంగం, మేము వాక్యం అంటాం, దాని మధ్యలో క్యాసెట్టు మార్చక తప్పదు. మార్చేంతసేపూ అయ్యగారు చెప్పే వాక్యం పోతుంది కదా! దానికి అప్పటి పాత అయ్యగారు ఒక ఏర్పాటు చేశారు. ఇంక రెండు నిమిషాలు ఉందనగా నేను తెల్ల చేతిగుడ్డ ఎత్తాలి. అది చూసి ఆయన వాక్యాన్ని ఒక కొలిక్కి తెచ్చి, "ఒక పల్లవి పాడుకుందాం" అనాలి. జనం పాడుతుంటే నేను క్యాసెట్టు మారుస్తాను. అయిందని చేతిగుడ్డ దించుతాను. ఆయన మళ్లీ అందుకుంటారు.

మొదట్లో పుస్తకంలోని పాటలే పాడారు. అవి పొడుగు. నేను గుడ్డ దించినా నాలుగో చరణం నడుస్తూ ఉండేది. పాత అయ్యగారు ఓపికగలవారే గాని నాలుగో చరణం దగ్గర ఆయన ముఖం చూడాలి. అప్పుడు నా భార్య ఆడవాళ్ల వైపు మొదటి చాప మీద కూర్చుని రెండు వరుసల పాట కట్టింది. నేను క్యాసెట్టు మార్చడానికి ఎంతసేపు పడుతుందో ఇంట్లో గడియారం చూసి కొలిచి మరీ కట్టింది.

ఒక్క మాట, ఇంకొక్క మాట, నాతో చెప్పు తండ్రీ
చెవి ఉండాది, మనసు ఉండాది, ఇంకా పొద్దుండాది తండ్రీ

"ఉండాది అని పాడితే ఎట్లమ్మా, ఉన్నది అనాల కదా" అని ఎవరో పెద్దమనిషి దిద్దబోయాడు.

"దేవునికి మన మాట తెలీదా ఏంది?" అంది ఆమె. అంతటితో సరి.

ఆమెది గొప్ప గొంతేం కాదు, కొంచెం జీర ఉండేది. మొదటి వరుస తాను ఒక్కతే ఎత్తుకునేది, తర్వాత చాపలన్నీ అందుకునేవి. పోయేదాకా ఏ ఆదివారమూ తప్పలేదు. ఒకసారి ఇంటికి నడిచి వస్తూ నన్ను అడిగింది.

"ఏమయ్యా, నా పాట ఎప్పుడన్నా విన్యావా నువ్వు?"

"ప్రతి వారం పాడ్తాండావు కదా!"

"పాడేది కాదు, వినేది అడుగుతాండా."

"అంతా రికార్డు అవుతాంది లేమ్మే. తీరిగ్గా వింటా."

తీరిక దొరకలేదు. క్యాసెట్టును ఊరికే తిప్పితే కెమెరా లోపలి హెడ్డు అరుగుతుందని పుస్తకంలో రాసి ఉంది. అందుకని తీసిన క్యాసెట్టును తీసినట్టే పెట్టెలో పెట్టేవాణ్ణి. ఎవరైనా పొరపాటున దాని మీద మళ్లీ తీయకుండా పక్కనున్న చిన్న తలుపు జరిపేసి, క్యాసెట్టు మీద కాగితం అంటించి, వారం, పాఠం రాసేవాణ్ణి. దాచడమే నా పని అనుకున్నాను. ఆమె పోయాక వినాలని నాలుగుసార్లు పెట్టె తెరిచాను. నాలుగుసార్లూ మూసేశాను. ఎక్కడికి పోతుందిలే, ఉంది కదా అనుకున్నాను.

ఇప్పుడు ఆ పెట్టెలు ఖాళీ చేస్తారట.

మొదట నేను ఒప్పుకోలేదు. అయితే నా చేతిలో బలం లేదు. కొత్త క్యాసెట్లు దొరకడం మానేసి చాలా రోజులైంది. ఇక్కడ అయిపోతే బెంగళూరు నుంచి తెప్పించేవాణ్ణి. రాష్ట్రం రెండు ముక్కలైన ఏడాదో ఆ తర్వాతి ఏడాదో అక్కడి కొట్టాయన కూడా "తయారు చేయడం లేదంట సార్" అన్నాడు. ఆ మాట కూడా నేను వెంటనే నమ్మలేదు. నాకొక్కడికే ఆపేసినట్టు చెబుతాడేమిటని ఇంకో కొట్టుకు ఫోను చేయించాను. అక్కడా అదే మాట.

"ఒకసారి వచ్చి చూడండి పెద్దాయనా, మీకే నచ్చుతుంది" అని పాస్టరుగారు నన్ను పులివెందులలోని తన పాత చర్చికి తీసుకుపోయారు. అక్కడ అప్పటికే కార్డుల మీద తీస్తున్నారు. పని చేసేది ఒక నడివయసు టీచరు. ఆరాధన అయ్యాక ఆయన కార్డును కంప్యూటర్‌లో గుచ్చాడు, ఏవేవో నొక్కాడు, మళ్లీ కెమెరాలో పెట్టి ఇంకేదో నొక్కాడు. కార్డు ఖాళీ అయినట్టు తెర మీద పడింది.

"ఇప్పుడేం జేస్తివప్పా?"

"తుడిచేసినా పెద్దాయనా. వచ్చే వారానికి కావాల కదా."

"పోయిన వారం వాక్యం తుడిచి, దాని మీద ఈ వారం వాక్యమా?"

"కంప్యూటర్‌లో ఉండాది కదా."

"కంప్యూటరు పోతే?"

"నెట్‌లో ఉండాది."

"ఆ నెట్టు యాడుండాది?"

ఆయన వేలితో పైకి చూపించాడు. చర్చిలో వేలు పైకి చూపిస్తే ఇంకొకరున్నారని అర్థమనుకున్నాను ఇన్నాళ్లూ. తిరిగి వచ్చేటప్పుడు కారులో పాస్టరుగారు ఏమేమో చెప్పారు. నేను కిటికీలోంచి చూస్తూ ఒకటే ఆలోచించాను. తుడవడం ఇంత అలవాటైన వాళ్ల చేతికి నా పెట్టెలు పోతున్నాయి. పాత అయ్యగారి అన్నేళ్ల వాక్యం ఆ పెట్టెల్లో ఉంది. కొత్తగా వచ్చిన పాస్టరుకు పాత పాస్టరు గొంతు పక్క గదిలో ఉండడం ఇష్టం ఉంటుందా? అదీ నా లెక్క.

కొత్త కెమెరాతో మొదటి ఆదివారం. దాని వెనక నిలబడ్డాను గాని చేయాల్సిందేమీ లేదు. ఎర్ర చుక్క వెలుగుతూనే ఉంది. గంట కావస్తుండగా నా చెయ్యి దానంతట అదే జేబులోకి పోయి చేతిగుడ్డ తీసింది. ఎత్తాను కూడా. పాస్టరుగారు ఇటు చూడలేదు, వాక్యం ఆపలేదు. కానీ ఆడవాళ్ల వైపు కొన్ని తలలు తిరిగాయి. మొదటి చాప మీద నా భార్య పక్కన ఎప్పుడూ కూర్చునే ఆమె స్నేహితురాలు పాడబోతున్నట్టు నోరు తెరిచి మళ్లీ మూసింది. నేను చేతిగుడ్డతో ముఖం తుడుచుకున్నాను, దానికోసమే తీసినట్టు.

క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించే పని జమ్మలమడుగులో ఒక స్టూడియో ఆయనకు అప్పగించారు. నలభై ఏళ్ల ముస్లిం మనిషి. కువైట్‌లో కొన్నాళ్లు పనిచేసి వచ్చి స్టూడియో పెట్టుకున్నాడు. అందరి పెళ్లిళ్లూ తీస్తాడు. పాత క్యాసెట్లు తిప్పే మిషను ఇంకా ఆయన దగ్గరే ఉందట.

పెళ్లిళ్లు తీసేవాడికి మా క్యాసెట్లు ఎందుకు? తుడిచి పెళ్లిళ్లకు వాడుకోవడానికి కాక! కొత్తవి దొరకని కాలం ఇది. అందుకని పెట్టెలు పోయే ముందు నేనొక పని చేశాను. రేడియోలు బాగుచేసే రోజుల్లో మేము బిగించిన మర మీద గోళ్ల రంగు చుక్క పెట్టేవాళ్లం. ఎవడైనా విప్పితే ఆ రంగు పగిలి తెలిసిపోతుంది. గాజుల కొట్టులో ఎర్ర రంగు సీసా కొన్నాను. కొట్టామె నన్ను ఎగాదిగా చూసి, "ఎవురికి తాతా?" అంది. "క్యాసెట్లకు" అన్నాను. సీసా కాగితంలో చుట్టి ఇచ్చింది. ఒక్కో క్యాసెట్టుకు ఆ చిన్న తలుపు మీద ఒక చుక్క పెట్టాను. తలుపు జరపకుండా దాని మీద మళ్లీ తీయలేరు. జరిపితే చుక్క పగులుతుంది.

పెట్టెలతోపాటు నేనూ బస్సెక్కి జమ్మలమడుగు పోయాను. గంట క్యాసెట్టు ఎక్కడానికి గంట పడుతుందట. స్టూడియోలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను.

"ఎంతసేపని కూచుంటావు మామా? ఇది నెల పని" అన్నాడాయన.

"కూచుంటా. నాకేం పని ల్యా."

"నా మీద నమ్మకం ల్యాదా?"

"నీ మీద కాదప్పా. ఆ మిషను మీద."

"మిషను నాది కదా మామా!" అని నవ్వి టీ తెప్పించాడు. టీ తాగాను. తాగినంత మాత్రాన నమ్మినట్టు కాదు. తెర మీద బొమ్మ కదులుతూ ఉంది, గొంతు మాత్రం ఆయన చెవులకు పెట్టుకున్న డొప్పల్లోకి పోతోంది. నాకు వినపడలేదు. అడిగితే ఇచ్చేవాడేమో. అడగలేదు. ఆమె గొంతును ఆయన ముందు వినడం నాకు ఇష్టం లేకపోయింది. మూడు రోజులు అలా పోయి వచ్చాను. నాలుగో రోజు నడుం పట్టేసింది.

నెల దాటాక పాస్టరుగారు అగ్గిపెట్టెకు అన్నలాంటి నల్ల పెట్టె ఒకటి చూపించారు. పన్నెండేళ్లు అందులో ఉన్నాయట. నా కోసమని ఒక పెన్‌డ్రైవులో కొన్ని ఆదివారాలు ఎక్కించి ఇచ్చారు. టీవీకి గుచ్చి చూడొచ్చన్నారు.

ఇంట్లో తలుపు వేసుకుని చూశాను. పాత అయ్యగారు కనిపించారు. వాక్యం చెబుతున్నారు. గంట దగ్గర పడింది. నేను మంచం అంచుకు జరిగాను. "ఒక పల్లవి..." అన్నారాయన. తెర నల్లబడింది. వెంటనే రెండో భాగం. ఆయన మళ్లీ మాట్లాడుతున్నారు. పాట లేదు.

ఇంకో ఆదివారం పెట్టాను. లేదు. ఇంకోటి. లేదు. పెన్‌డ్రైవులో ఉన్నవన్నీ చూశాను. ప్రతిదానిలోనూ కరెక్టుగా ఆమె పాడాల్సిన చోటే కత్తిరించి ఉంది. ఒక్క చోటైతే పొరపాటు అనుకోవచ్చు. అన్ని చోట్లా ఒకేలాగా అంటే ఎవరో చెబితేనే చేశారు.

మరుసటి రోజు మొదటి బస్సులో జమ్మలమడుగు పోయాను. ఆయన అప్పుడే షట్టరు ఎత్తుతున్నాడు.

"పాట యాడప్పా?"

"ఏం పాట మామా? లోపలికి రా, ముందు కూచో."

"కూచునేది ల్యా. క్యాసెట్టు మారే కాడ కట్ చేసినావా ల్యాదా, అది చెప్పు."

ఆయన తడుముకోలేదు. "చేసినా. చెత్త కట్ చేసినా. ప్రతి క్యాసెట్టు మొదట్లో పది సెకన్లు చాప తప్ప ఏమీ కనపడదు. చివర్లో కెమెరా ఊగుతాంటాది. అయ్యగారే చెప్పినారు, వేస్టు తీసేయమని."

అయ్యగారే చెప్పినారు! నా చెవులు మండాయి.

"చెత్తంటావా? క్యాసెట్లు యాడ?"

"ఎర్రగుంట్ల పాత సామాన్ల వానికి ఏయమన్నారు. నేను..."

ఆ తర్వాత ఏం చెప్పాడో నేను వినలేదు. వినడానికి నిలబడలేదు. "మామా, ఓ మామా!" అని వెనక నుంచి పిలవడం మాత్రం బస్టాండు మలుపు దాకా వినపడింది.

ఆ ఆదివారం ప్రకటనలు చదివే సమయంలో నేను లేచి నిలబడ్డాను. డెబ్బై దాటినవాణ్ణి, సంఘంలో ఎప్పుడూ లేచి మాట్లాడనివాణ్ణి. అందరూ తిరిగారు. చెప్పాను. ఆమె పాటను కత్తిరించారన్నాను. మనిషి పోయాక గొంతు కూడా తీసేశారన్నాను. పాత అయ్యగారి మీద కోపం ఉంటే ఆయన మీద చూపించుకోవాలి గాని చనిపోయిన ఆడమనిషి మీద ఏమిటన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. అన్నీ ఇక్కడ రాయను. పాస్టరుగారి ముఖం తెల్లబోయింది. "పెద్దాయనా, అది అమ్మగారి పాటన్న సంగతే నాకు తెలియదు. నేను వచ్చేసరికి అమ్మగారు లేరు కదా" అన్నారు. తెలియదన్న మాట నేను నమ్మలేదు.

అప్పుడు మొదటి చాప మీద నుంచి నా భార్య స్నేహితురాలు లేచింది. మోకాళ్లు నొప్పి ఆమెకు, పక్కామె భుజం పట్టుకుని లేచింది.

"అన్నా, కూచో."

"నువ్వు చెప్పమ్మా. పాడేదా లేదా?"

"పాడేది. ఎప్పుడు పాడేది?"

"ప్రతి వారం..."

"నువ్వు గుడ్డ ఎత్తినప్పుడు పాడేది. గుడ్డ ఎందుకు ఎత్తేవాడివి?"

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను.

"క్యాసెట్టు మార్చేదానికే కదన్నా" అంది ఆమె, గొంతు తగ్గించి. "క్యాసెట్టు బయటుంటే పాట యాడ పడతాది? మిషను నిలిచినప్పుడే కదా ఆమె పాడింది. నువ్వు దించినావంటే ఆపేసేది. మాకు అందరికీ తెలుసు. నీకు తెలుసనుకుంటిమి."

చిన్న పిల్లవాడొకడు ఏదో అడిగితే తల్లి నోరు మూసింది. నేను కూర్చున్నాను. కెమెరా మీద ఎర్ర చుక్క వెలుగుతోంది. నేను అన్న ప్రతి మాటా అందులో పడింది, మధ్యలో ఎక్కడా ఆగకుండా.

ఆ రాత్రి నిద్ర పోయానని చెప్పను. సిగ్గు ఒక పక్క, కోపం ఒక పక్క. ఆ కోపం ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను. మిగతావన్నీ లెక్కపెట్టినవాణ్ణి ఇదొక్కటి లెక్కపెట్టలేకపోయాను. పాట పాడినంతసేపూ కెమెరా నోరు తెరుచుకుని ఉంది. తెరిచింది నేనే.

తెల్లవారుజామున ఒక సంగతి తోచింది. పుస్తకంలో ఇంకో మాట ఉండేది. కొత్త క్యాసెట్టు మొదటి పది సెకన్లు నిలకడగా ఉండవు, వాడవద్దు అని. అందుకని కొత్త క్యాసెట్టు పెట్టగానే కెమెరాను చాప మీదకు వంచి, మీట నొక్కి, మనసులో పది లెక్కపెట్టి, అప్పుడు పైకెత్తి గుడ్డ దించేవాణ్ణి. అంటే గుడ్డ దించేలోపు పది సెకన్లు చాప బొమ్మ పడేది. బొమ్మ పడితే చప్పుడు పడదా? స్టూడియో ఆయన చెత్త అన్నది ఆ పది సెకన్లనే. ఆ క్యాసెట్లు ఎర్రగుంట్లలో పాత ఇనుము పక్కన పడి ఉన్నాయి.

సోమవారం స్టూడియో ముందు నిలబడ్డాను. లోపలికి పోవడానికి కాలు రాలేదు. ఆయనే చూశాడు.

"రా మామా. మొన్న పరిగెత్తినావే, ఆ వయసులో అంత పరుగు యాడిది నీకు?"

"ఎర్రగుంట్లలో ఆ పాత సామాన్ల కొట్టు యాడుంటాదో చెప్పప్పా. నేను పోయి తెచ్చుకుంటా."

"ఆడికేంటికి? ఈడుండాయి." బల్ల కింద కప్పిన గుడ్డ లాగాడు. నా రెండు ట్రంకు పెట్టెలు. "మొన్న అదే చెప్తాంటి, వినకుండా పోతివి. నేను ఏయలేదు మామా."

"ఎందుకు ఏయలేదు?" ఆ క్షణంలో కూడా అనుమానంగానే అడిగాను. అలవాటు.

ఆయన మిషను వైర్లు సర్దుతూ చెప్పాడు. "మాది కొండాపురం పక్క ఊరు. గండికోట నీళ్లు వచ్చి ఊరు పోయింది. పోకముందు మా ఊళ్లో ఒక పెండ్లి తీసినా. పెండ్లోళ్లు సీడీ తీసుకున్యారు, క్యాసెట్టు వద్దన్యారు. అందులో పెండ్లికూతురు వెనకాల మా ఇంటి గోడ కనపడతాది. అప్పుడప్పుడు ఏసుకుని ఆ గోడ చూస్తా. అందుకని ఎవురి క్యాసెట్టూ పారేయను. నువ్వు వస్తావనీ తెలుసు. మూడు దినాలు ఈడ కూచున్నోడివి రాకుండా ఎట్ల ఉంటావు?"

పెట్టె తెరిచాను. ముందు చుక్కలు చూశాను, దాచడమెందుకు. పైవరుసలో ఒక్కటీ పగల్లేదు. ఆయన చూసి నవ్వాడు. "అవేందో నాకు మొదటి దినమే తెలిసింది లే. మా చెల్లెలు కూడా అదే రంగు ఏస్తాది."

డొప్పలు నాకు పెట్టాడు. ఒక రెండో క్యాసెట్టు మొదటికి తిప్పాడు. తెర మీద చాప, చాప అంచున ఎవరివో రెండు చెప్పులు. చెవిలో జనం గొంతులు, వాటి ముందు ఒక జీర గొంతు.

...ఇంకా పొద్దుండాది తండ్రీ.

అంతే. తర్వాత పాత అయ్యగారి దగ్గు.

ఇంకోటి పెట్టాడు. పొద్దుండాది తండ్రీ. ఇంకోటి. తండ్రీ. ఒకదానిలో వట్టి ఈకారమే. చేతులు చురుగ్గా ఆడిన రోజు కొంచెం ఎక్కువ దొరికింది, తడబడిన రోజు తక్కువ. నేను ఏ ఆదివారం ఎలా ఉన్నానో ఆమె గొంతు పొడుగును బట్టి చెప్పొచ్చు.

"ఆగు మామా" అని ఆయన మొదటి క్యాసెట్ల చివరలు వెతికాడు. పాత అయ్యగారు "ఒక పల్లవి పాడుకుందాం" అంటారు. నేను మీట నొక్కేలోపు అక్కడక్కడా ఆమె ఎత్తుకోవడం దొరికింది. ఒక్క మాట, ఇంకొక్క... టక్. అన్నిటికన్నా పొడుగైనదానిలో మొదటి వరుస దాదాపు మొత్తం ఉంది.

"మొదలు దొరికింది, చివర దొరికింది" అన్నాడాయన. "రెండూ అతికిస్తా, వినేవాళ్లకు తెలీదు. మధ్యలో ముక్క ఏముండాది మామా?"

"చెవి ఉండాది, మనసు ఉండాది."

"అది ఎట్ల పాడేది? పైకి పోతాదా, కిందికి దిగుతాదా? నువ్వు ఒకసారి పాడు, నేను చూస్తా."

సంఘంలో ఆడవాళ్లకు కూడా ఈ ఒక్క చోటే జగడం. ఆమె పోయాక ఒకరు పైకి ఎత్తుతారు, ఒకరు కిందికి దించుతారు. నా భార్య స్నేహితురాలు కిందికే అంటుంది. నేను నోరు తెరిచాను. ఏళ్ల తరబడి ఆ పాటకు పది అడుగుల దూరంలో నిలబడినవాణ్ణి. నా చెవిలో ఏముందా అని వెతికాను. మోటారు గుర్రుమనడం ఉంది. గూడు పైకి లేవడం, క్యాసెట్టు కూర్చున్నప్పటి టిక్కు, గూడు దానంతట అది దిగేదాకా నొక్కకుండా ఆగడం, తలుపు మూసుకోవడం. ఆ చప్పుళ్లన్నీ వరసగా ఉన్నాయి. ఆ సమయంలో నేను విన్నది వాటినే.

"తెలీదప్పా" అన్నాను.

ఆయన మిషను వైపు తిరిగాడు. "అయితే అతికించేదా?"

"వద్దు. అతికిస్తే ఆ ముక్క లేదని తెలీకుండా పోతాది. మధ్యలో ఖాళీ వదులు."

"నల్లగానా? ఎంతసేపు?"

ఎంతసేపో చెప్పడానికి నాకు మాటలు అక్కర్లేదు. "మొదటిది పెట్టు, నేను చెయ్యి దించినప్పుడు చివరిది పెట్టు" అన్నాను. ఆయన పెట్టాడు. ఆమె ఎత్తుకుంది. టక్‌మని ఆగింది. జేబులోంచి చేతిగుడ్డ తీసి ఎడమ చేత్తో పైకెత్తాను. కుడి చెయ్యి ఆయన బల్ల మీద ఖాళీ గాలిలో మీట నొక్కింది, తలుపు తీసింది, పాతది తీసింది, కొత్తది పెట్టింది, గూడు దిగేదాకా ఆగింది, తలుపు మూసింది, చాప మీదకు వంచింది. షట్టరు బయట ఎవరో ఫోటో కోసం వచ్చి "ఉండారా?" అని అడిగారు. ఆయన వాళ్లను చేత్తో ఆపాడు.

పది లెక్కపెట్టాలి. ఆ రోజు లెక్కపెట్టలేదు. చేతిగుడ్డ దించకుండా అలాగే పట్టుకుని నిలబడ్డాను.